ఎంతమందిని అడిగారన్నదే అడిగాను

వైవా బల్లకు ఇవతల కూర్చున్నన్నాళ్లూ నా నోట్లో ఒక ప్రశ్న సిద్ధంగా ఉండేది: "శాంపుల్ ఎంత?" మూడొందలంటే తలూపేదాన్ని. ముప్పై అంటే పెదవి విరిచేదాన్ని. పది అంటే మాత్రం స్టూడెంట్‌ను వదిలేసి గైడ్ వైపు చూసేదాన్ని, ఈ పిల్లను ఇక్కడిదాకా ఎట్లా రానిచ్చారన్నట్టు. ఆ ప్రశ్న అడగకూడనిదేమీ కాదు. దాని తర్వాత ఇంకేం అడగాలో నాకు తెలియదు, అదీ సంగతి. ఆ తెలియనితనం వల్ల ఒక మంచి పరిశోధన నా చేతుల్లోనే పాడైంది. తర్వాత ఆ తప్పు దిద్దుకుంటున్నాననుకుని రెండో కొసకు వెళ్లి, అనుమానించాల్సిన దాన్ని ఏళ్ల తరబడి క్లాసులో నమ్మకంగా చెప్పాను. ఇంటర్వ్యూలతో చేసే సైకాలజీ పరిశోధనలు ఇప్పుడు మన యూనివర్సిటీల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ కనిపిస్తున్నాయి కాబట్టి, వాటిని చదివేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా తరానికి ఎమ్మే సైకాలజీ అంటే గారెట్ రాసిన స్టాటిస్టిక్స్ పుస్తకం. మీన్, మీడియన్, ఎస్‌డీ, టి-టెస్ట్, కై-స్క్వేర్. చేత్తో లెక్కలు వేసి, చివరికి 0.05 దగ్గర నిలబడిందా లేదా అని చూసుకునేవాళ్లం. మెథడాలజీ పేపర్లో ఇంటర్వ్యూ, కేస్ స్టడీ రెండూ షార్ట్ నోట్ ప్రశ్నలే. 'పరిమితులు' అన్న శీర్షిక కింద "ఈ ఫలితాలను సాధారణీకరించలేం" అని ఒక వాక్యం రాస్తే మార్కులు పడేవి. లెక్చరరయ్యాక అదే వాక్యాన్ని నేను నోట్సుగా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

చిత్రమేమిటంటే, అదే నేను జనరల్ సైకాలజీ క్లాసులో బోర్డు మీద ఎబింగ్‌హాస్ మరపు రేఖ గీసేదాన్ని. 1885లో జ్ఞాపకం మీద పుస్తకం వేసిన ఆ మనిషి ప్రయోగాలన్నీ చేసింది ఒక్కరి మీద, అదీ తన మీదే. పసితనంలో బుద్ధి ఎలా వికసిస్తుందో పియాజే రాసినదానికి మూలం ఎక్కువగా తన సొంత పిల్లలు ముగ్గురు. 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడు ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేకపోయిన హెన్రీ మొలైసన్ అనే ఒక్క మనిషి లేకపోతే జ్ఞాపకశక్తి పాఠంలో సగం చెప్పడానికి ఉండదు. ఈ ముగ్గురి దగ్గరా "శాంపుల్ ఎంత" అన్న మాట నాకెప్పుడూ తోచలేదు. పాఠ్యపుస్తకంలో అచ్చయిన పేరుకు ఒక కొలత, నా ఎదురుగా నిలబడ్డ స్టూడెంట్‌కు ఇంకో కొలత.

ఆ స్టూడెంట్ జగిత్యాల వైపు అమ్మాయి. వాళ్ల ఊళ్లో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో మగమనిషి లేని వాడ లేదు. భర్త గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ల మనసు ఎలా ఉంటుందో డిజర్టేషన్ చేస్తానని వచ్చింది. నేను టాపిక్ 'సవరించి' ఇచ్చాను: గల్ఫ్ వలస కార్మికుల భార్యల్లో ఏకాకితనం. ఏకాకితనానికైతే తయారుగా ఒక స్కేల్ ఉంది, అదీ నా ధైర్యం. ఆ అమ్మాయి స్కేల్ పట్టుకుని ఊళ్లోకి వెళ్లి "ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా" అని చదివి వినిపిస్తే "ఏదో ఒకటి నువ్వే రాసుకో బిడ్డా" అన్నారట. అప్పుడు స్కేల్ సంచిలో పెట్టేసి, బీడీలు చుట్టేవాళ్ల పక్కన కూర్చుని మాటల్లో పడింది. వాళ్ల అనుమతితో ఫోన్లో రికార్డు చేసి, రాత్రిళ్లు విని రాసుకుంది. తొమ్మిదిమంది మాటలు, పెద్ద కట్ట.

ఆ కట్ట నా బల్ల మీదికొస్తే నేను పూర్తిగా చదివింది మొదటి రెండు. మిగతావి తిరగేసి "శాతాలేవి?" అన్నాను. తొమ్మిదిమందిలో ఆరుగురు అంటే 66.67 శాతం అని రాయించాను, రెండు దశాంశ స్థానాలతో సహా. ఒక్క మనిషి అటోఇటో అయితే పదకొండు శాతం మారిపోయే చోట ఆ దశాంశాలు ఎవరికి ఏం చెబుతాయో ఆలోచించలేదు. అంతటితోనూ ఊరుకోలేదు. ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, అంటే మాటలకు అర్థాన్ని బట్టి పేర్లు పెట్టి, ఎంతవరకు కలిశారో చూపే కోహెన్ కప్పా కావాలన్నాను. పాపం ఆ అమ్మాయి హాస్టల్ రూమ్‌మేట్‌ను కూర్చోబెట్టి, ఏ మాటకు ఏ కోడ్ ఇవ్వాలో నేర్పించి, కోడ్ చేయించింది. కప్పా బ్రహ్మాండంగా వచ్చింది. రాక ఏం చేస్తుంది? ఇద్దరికి ఒకే పాఠం చెప్పి ఒకే జవాబు రాబట్టుకోవడాన్ని నేను విశ్వసనీయత అనుకున్నాను.

అసలు నష్టం ఇంకోచోట జరిగింది. చివరగా మాట్లాడినామె మిగతావాళ్లతో కలవలేదు. "ఆయన ఆడ ఉంటేనే నాకింత నిమ్మళం బిడ్డా. పైసలు నా పేరు మీదనే పంపుతడు. ఇల్లు నేనే నిలబడి కట్టిస్తున్న. ఈడికొస్తే ఉన్నన్ని దినాలు తాగుడు, లొల్లి" అంది. నా స్టూడెంట్ ఆ కాగితాలు పట్టుకొచ్చి "మేడమ్, ఈమెను ఏ థీమ్ కింద పెట్టాలి?" అని అడిగింది. ఏకాకితనం అన్న శీర్షిక కింద ఆమెకు చోటు లేదు. "ఒక్కరే కదా, వదిలెయ్" అన్నాను. వదిలేసింది. డిజర్టేషన్‌లో ఆమె లెక్కలో ఉంది, మాటల్లో లేదు. మంచి మార్కులొచ్చాయి.

ఆ కాగితాలను మాత్రం ఆ అమ్మాయి పారేయలేదు. చాలాకాలం తర్వాత ఒక వర్క్‌షాప్‌లో కలిసినప్పుడు, వీలైతే ఒకసారి చదవండి మేడమ్ అని పంపింది. కోపంతో కాదు, వినయంగానే. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఈసారి అన్నీ చదివాను. మేం ఏకాకితనం అని లెక్కగట్టిన ఆరుగురిలో ఎక్కువమంది మాట్లాడింది మొగుడి ఎడబాటు గురించి కాదు. డబ్బు మామ పేరు మీద వస్తుందని, పిల్లకు చెప్పులు కొనాలన్నా అత్తను అడగాలని, పుట్టింటికి వెళ్లాలంటే దుబాయ్ నుంచి ఫోన్లో అనుమతి రావాలని. 'నిమ్మళం' అన్నామెకు, వీళ్లకు తేడా భర్త దూరంగా ఉండటంలో లేదు. అందరి భర్తలూ దూరంగానే ఉన్నారు. పైసలు ఎవరి పేరు మీద వస్తున్నాయి, ఇంట్లో తాళంచెవి ఎవరి కొంగున ఉంది, అక్కడుంది తేడా. ఆ ఒక్కామె మాటల పక్కన పెట్టి చూస్తేనే మిగతా ఎనిమిదిమంది చెప్పింది అర్థమవుతుంది. నేను వదిలెయ్యమన్నది సరిగ్గా ఆమెనే.

ఏకాకితనం అన్న పేరు ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ పెట్టింది కాదు, నేను పెట్టింది. దూరదేశం పోయిన మగడి కోసం గుమ్మంలో ఎదురుచూసే ఇల్లాలి బొమ్మ నా మనసులో ముందే ఉంది. పరిశోధకుడి మనసులో ముందే ఏముందో రాసి ఉంచాలని గుణాత్మక పరిశోధన చేసేవాళ్లు పట్టుబడతారు. అది నాకు ఒకప్పుడు ఆత్మకథలా అనిపించి చిరాకొచ్చేది. మా డిజర్టేషన్‌లో గైడ్ మనసు గురించి ఒక పేరా ఉండుంటే చదివేవాళ్లకు చాలా మేలు జరిగేది.

మారాలనుకుని చదవడం మొదలుపెట్టాను. మారింది మాత్రం అంకె. 2006లో గ్రెగ్ గెస్ట్, మరో ఇద్దరు కలిసి ఒక వ్యాసం వేశారు. పశ్చిమ ఆఫ్రికాలో రెండు దేశాల మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను విశ్లేషిస్తూ పోతే, మొదటి పన్నెండు పూర్తయ్యేసరికే కొత్త కోడ్‌లు దాదాపు ఆగిపోయాయని అందులో చూపించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక నుంచి "పన్నెండుకు తగ్గకూడదు" అని చెప్పడం మొదలుపెట్టాను. పిల్లలు తెలివైనవాళ్లు; ప్రతివాడూ సరిగ్గా పన్నెండుమందినే తెచ్చి "సాచురేషన్ వచ్చింది మేడమ్" అనేవాడు. అదేదో బస్సు వచ్చినంత సులువుగా. ఆ వ్యాసం రాసినవాళ్లు మాత్రం తమ అంకెకు షరతులు పెట్టుకున్నారు: మాట్లాడినవాళ్లంతా ఒకే రకం పరిస్థితిలో ఉన్నవాళ్లు, అందరినీ అడిగింది ఒకే తరహా ప్రశ్నలు, తెలుసుకోదలచింది కూడా ఇరుకైన విషయం. ఆ షరతులు వదిలేసి అంకె ఒక్కటే నేను ఏరుకున్నాను.

సాచురేషన్ అన్న మాటను 1967లో వాడుకలోకి తెచ్చిన గ్లేసర్, స్ట్రాస్‌ల ఉద్దేశం విన్నదే మళ్లీ వినిపించడం కాదు. సేకరణ, విశ్లేషణ పక్కపక్కనే సాగుతూ, కడుతున్న సిద్ధాంతంలో ఒక్కో అంశానికి ఇక కొత్త ముఖం కనిపించని స్థితి అది. అది తెలియాలంటే తేడాగా మాట్లాడగలవాళ్లను వెతుక్కుంటూ పోవాలి. ఒకే వాడలో ఒకే చుట్టరికం వాళ్లను పన్నెండుమందిని కలిస్తే మూడో మనిషి దగ్గరే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. మా 'నిమ్మళం' మనిషి వరసలో చివరిది. ఎనిమిదిమందితో ఆపేసి ఉంటే సాచురేషన్ వచ్చిందని నేను సంతోషంగా సంతకం పెట్టేదాన్ని.

ఆ దశలోనే నాకు కథనాల మీద మోజు పుట్టింది. అంకెల మీద ఎంత గుడ్డి నమ్మకం ఉండేదో, గుండెకు తగిలే ఉదాహరణ మీద అంత నమ్మకం పెరిగింది. అబ్నార్మల్ సైకాలజీ క్లాసులో డేవిడ్ రోజెన్‌హాన్ వ్యాసం చెబుతుంటే చివరి బెంచీ వాళ్లు కూడా తలెత్తేవాళ్లు. 1973లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఏ జబ్బూ లేని ఎనిమిదిమంది, రోజెన్‌హాన్‌తో సహా, అమెరికాలో పన్నెండు ఆసుపత్రులకు వెళ్లి, తమకు గొంతులు వినిపిస్తున్నాయని చెప్పి చేరారు. చేరాక మామూలుగా ఉన్నా సిబ్బంది ఎవరూ పోల్చుకోలేదు. సగటున 19 రోజులు, ఎక్కువలో ఎక్కువ 52 రోజులు లోపలే ఉంచారు. వాళ్లు నోట్సు రాసుకుంటుంటే రాసుకోవడాన్ని కూడా జబ్బు ఖాతాలోనే వేశారు. అక్కడి రోగులు మాత్రం కొందరు "నువ్వు పిచ్చివాడివి కాదు" అని అనుమానించారు. లోపల కూర్చుని చూసి రాయడమంటే ఇదీ, అంకెలు ఇది చెప్పగలవా అని పిల్లల్ని అడిగేదాన్ని. ఆ వ్యాసం రేపిన దుమారం చిన్నది కాదు. 1980లో వచ్చిన డీఎస్‌ఎమ్-3 అనే మానసిక వైద్య గ్రంథంలో రోగ నిర్ధారణకు లక్షణాల పట్టికలు కచ్చితంగా పెట్టడానికి దారితీసిన వాదోపవాదాల్లో అదీ ఒకటి.

2019లో సుసానా కహలాన్ అనే పాత్రికేయురాలు 'ది గ్రేట్ ప్రిటెండర్' అన్న పుస్తకం తెచ్చింది. అప్పటికి రోజెన్‌హాన్ చనిపోయి ఏడేళ్లు. ఆయన వదిలిన కాగితాలు చదివి, ఆ ఎనిమిదిమంది ఎవరో వెతుక్కుంటూ వెళ్లింది. రోజెన్‌హాన్ కాక ఒక్కరి ఆచూకీయే గట్టిగా దొరికింది. మిగిలిన ఆరుగురు ఎవరో తేలలేదు. రోజెన్‌హాన్ తన గురించి తాను వ్యాసంలో రాసినదానికీ, ఆసుపత్రి రికార్డులో డాక్టర్ రాసుకున్నదానికీ పొంతన కుదరలేదు. వినిపించే గొంతుల గురించి మాత్రమే చెప్పానని వ్యాసం అంటుంది. రికార్డులో అంతకంటే చాలా ఎక్కువ లక్షణాలున్నాయి.

నన్ను కుంగదీసింది ఇదీ కాదు. హ్యారీ లాండో అని తొమ్మిదో మనిషి ఒకడున్నాడు. అతనూ అలాగే చేరాడు. అతనికి ఆసుపత్రి మంచిగా అనిపించింది, మేలు చేసింది. వ్యాసంలో అతను లేడు. తన వ్యక్తిగత చరిత్రలో కొన్ని విషయాలు కల్పించి చెప్పాడు కాబట్టి తొమ్మిదో వ్యక్తి వివరాలు చేర్చలేదని అడుగున ఒక నోట్ మాత్రం ఉంది. లాండో 1976లో తన అనుభవాన్ని తానే ఒక పత్రికలో అచ్చువేశాడు కూడా. అంటే నేను ఎమ్మేలో చేరకముందే ఆ సంగతి లైబ్రరీల్లో ఉంది. పాఠ్యపుస్తకంలోని సారాంశం చూసి పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకు ఆ నోట్ కనిపించలేదు. కనిపించినా, బాగున్న కథకు అడ్డొస్తుందని వదిలేసేదాన్నేమో. రోజెన్‌హాన్ మనసులో ఏముందో నేనెట్లా చెప్పగలను? నేను మాత్రం అదే పని "ఒక్కరే కదా" అని నోటితో చెప్పి చేయించాను.

ఆ తర్వాతే లింకన్, గూబాలు 1985లో రాసిన పుస్తకాన్ని శ్రద్ధగా తిరగేశాను. సప్రమాణత, విశ్వసనీయత అని మనం అంకెల పరిశోధనకు వాడే కొలతలు దీనికి అతకవని చెప్పి, వాటి స్థానంలో వాళ్లు వేరే నాలుగు ప్రశ్నలు పెట్టారు. విన్నవాళ్లకు నమ్మదగ్గదిగా ఉందా, ఇంకోచోటికి తీసుకెళ్లొచ్చా, చేసిన పద్ధతి నిలకడగా ఉందా, చెప్పినదానికి ఆధారాలు మరొకరు సరిచూడగలరా. ఈ నాలుగూ పరీక్షకు బాగా పనికొస్తాయి. నాకు పట్టుబడింది చివరిది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక మాట దగ్గర బయల్దేరి చివరి అధ్యాయంలోని నిర్ధారణ దాకా నేను నడిచి వెళ్లగలగాలి. మధ్యలో ఏ రోజు ఏ కోడ్ ఎందుకు మార్చారు, ఏ థీమ్‌ను ఎందుకు చీల్చారు, ఎవరిని ఎందుకు పక్కన పెట్టారు అన్నది రాసి ఉండాలి. "ఇంటర్వ్యూల నుంచి ఈ క్రింది థీమ్‌లు బయటపడ్డాయి" అన్న వాక్యం చూస్తే ఇప్పుడు నాకు అనుమానం. వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ 2006 నుంచీ మొత్తుకుంటున్నది ఇదే: థీమ్‌లు వాటంతటవి బయటపడవు, పరిశోధకులు తయారుచేస్తారు. తయారుచేసినప్పుడు ఎలా చేశారో చెప్పాలి.

చెక్‌లిస్టుల సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. ఇంటర్వ్యూ పరిశోధన రిపోర్టులో ఏమేం రాయాలో చెప్పే కోరెక్ అనే పట్టిక 2007లో వచ్చింది, అందులో 32 అంశాలున్నాయి. కొన్నాళ్లు దాన్ని జిరాక్స్ తీయించి పిల్లలకు పంచాను. ముప్పై రెండుకు ముప్పై రెండూ టిక్ పెట్టి, లోపల ఏమీ లేని రిపోర్టులు వచ్చాయి. పట్టిక దేనికి పనికొస్తుందంటే, రాయడం మర్చిపోయినదాన్ని గుర్తుచేయడానికి. ఆలోచించడం మర్చిపోయినవాళ్లకు అది ఏ సాయమూ చేయదు.

ఆ పట్టికలోని ఒక అంశం మాత్రం మన దగ్గర ప్రత్యేకంగా దెబ్బతింటుంది. తేల్చిన విషయాలను మాట్లాడినవాళ్లకే తిరిగి చూపించి, సరిగ్గా ఉన్నాయా అని అడగడం. పుస్తకంలో చదివితే ఎంతో న్యాయంగా ఉంటుంది. మన ఊళ్లలో చదువుకున్న అమ్మాయి కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చి, కుర్చీ వేయించుకుని, చదివి వినిపించి "నేను రాసింది కరెక్టేనా అమ్మా?" అంటే తప్పు అని ఎవరంటారు? "మంచిగ రాసినవ్ బిడ్డా" అంటారు, చాయ్ పోస్తారు. ఆ మర్యాదను తీసుకొచ్చి రిపోర్టులో 'పాల్గొన్నవారు ధ్రువీకరించారు' అని రాశాం, నేనూ రాయించాను. ఇప్పుడు స్టూడెంట్లకు వేరేలా చెబుతున్నాను. సరిగ్గా ఉందా అని అడగొద్దు; "ఊళ్లో దీన్ని ఒప్పుకోనివాళ్లు ఎవరుంటారు, ఎందుకు ఒప్పుకోరు?" అని అడగమంటున్నాను. తాను కాదనడం మర్యాద కాదు కానీ, పక్కింటామె కాదంటుందని చెప్పడానికి ఎవరికీ మొహమాటం లేదు. చాలాసార్లు ఆ పక్కింటామె తనే.

రిపోర్టు ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఇంకోటి చూస్తాను. జగిత్యాల బీడీ కార్మికురాలు, గుంటూరు మిర్చి కూలీ, విశాఖ ఏజెన్సీ గిరిజన మహిళ ముగ్గురూ ఒకే కాన్వెంటులో చదువుకున్నట్టు మాట్లాడుతుంటే, అక్కడ వినిపిస్తున్నది అనువాదకుడి గొంతు. మాట్లాడిన భాషలో నాలుగు మాటలైనా అనుబంధంలో ఉంచమని అడుగుతాను. ఎవరు తర్జుమా చేశారో, ఏ దశలో చేశారో చెప్పని పరిశోధనకు నేను సగం నమ్మకమే ఇస్తాను.

ఇక 'మనకు వర్తిస్తుందా' అన్న ప్రశ్న. ఇందులో నా తప్పు క్లాసు దాటి ఊళ్లోకి వెళ్లింది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. గోవాలో కుంగుబాటుతో ఉన్న మహిళలతో చేసిన ఒక గుణాత్మక అధ్యయనం 2007లో వచ్చింది. విక్రమ్ పటేల్ బృందానిది, 35 మందితో. ఆ ఆడవాళ్లు తమ బాధను ముఖ్యంగా శరీరం ద్వారా చెప్పారు: నొప్పులు, నిద్ర లేకపోవడం, నీరసం. కారణం అడిగితే డబ్బు ఇబ్బందులు, సంసారంలో గొడవలు అన్నారు. దాన్ని ఒక జబ్బుగా చూసినవాళ్లు అరుదు. చదువుతుంటే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు క్యూ కళ్ల ముందు కదిలింది. ఒక స్వచ్ఛంద సంస్థ ఆశా కార్యకర్తలకు శిక్షణ పెట్టమంటే ఆ వ్యాసం ఆధారంగా ఒక కరదీపిక రాసిచ్చాను. నొప్పులని వచ్చే ఆడవాళ్లను ఇంటికెళ్లి కలవండి, డబ్బు గురించీ భర్త గురించీ నెమ్మదిగా అడగండి అని.

నెలలు గడిచినా ఫారాల్లో ఒకే జవాబు: ఏ సమస్యా లేదు. అంతా మంచిగనే ఉంది. చివరికి ఒక ఆశా కార్యకర్త మీటింగ్ అయిపోయాక నా దగ్గరకొచ్చి చెప్పింది. "మేడమ్, నేను పోయి అడిగితే వాళ్ల అత్త చాయ్ పట్టుకొని పక్కనే కూసుంటది. ఆమె నాకు వరసకు పెద్దమ్మ. ఆ పిల్ల ఏం చెప్తది?"

గోవా మహిళలు మాట్లాడింది పరిశోధన కోసం వచ్చినవాళ్లతో. నేను పంపింది అదే ఊరి కోడలిని, అదే ఇంటి చుట్టాన్ని. ఏం చెప్పారన్నది చదివాను, ఎవరితో చెప్పారన్నది చదవలేదు. ఆ అధ్యయనం మా ఊళ్లకు వర్తించలేదని దీని అర్థం కాదు. బాధ నొప్పుల రూపంలో వస్తుందన్నది వర్తించింది. దాన్ని జబ్బు అనుకోరన్నదీ వర్తించింది. ఎవరికి చెప్పుకుంటారన్నది ఆ వ్యాసం నాకు హామీ ఇవ్వనే లేదు, నేనే కలుపుకున్నాను. లింకన్, గూబాలు ఈ విషయంలో కచ్చితంగా ఉంటారు. పరిశోధకుడి బాధ్యత తన చోటును, తన మనుషులను, వాళ్ల పరిస్థితులను నిండుగా వర్ణించడం. ఇంకో చోటికి అది సరిపోతుందా అన్నది ఆ చోటు తెలిసినవాడు, తీసుకెళ్లేవాడు తేల్చుకోవాలి. గోవా వాళ్ల పని వాళ్లు చేశారు. మా ఊళ్ల గురించి చూసుకోవాల్సింది నేను. తర్వాత ఆ కార్యకర్తలే దారి చెప్పారు. ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్లేలా మార్చుకున్నారు. కొంత నయమైంది, పూర్తిగా కాదు.

అంకెల పరిశోధనకు ఈ బెడద లేదని ఎవరైనా అంటే ఒక లెక్క గుర్తుచేస్తాను. హెన్రిక్, హైన్, నొరెన్‌జయన్ 2010లో రాసిన వ్యాసంలో ఉంది. సైకాలజీలో పేరున్న పత్రికల్లో వచ్చిన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లు. మూడొందల శాంపుల్ చూసి తలూపిన రోజుల్లో, ఆ మూడొందలమంది అమెరికాలో ఫలానా కాలేజీ మొదటి సంవత్సరం పిల్లలన్నది నాకు పట్టలేదు. అంకె పెద్దదైతే ఊరు అడగనక్కర్లేదనుకున్నాను.

చిన్న చోట చేసిన పని దూరం ఎలా ప్రయాణిస్తుందో చూడాలంటే నందకిశోర్ కన్నూరి, సుశ్రుత్ జాధవ్ తెలంగాణ పత్తి రైతుల మీద 2018లో వేసిన వ్యాసం చదవమంటాను. అది మానసిక ఆరోగ్యాన్నీ మానవశాస్త్రాన్నీ కలిపి చేసిన పని. ఎంతమంది రైతులకు కుంగుబాటు ఉందన్న శాతం కోసం దాన్ని తెరిస్తే నిరాశే. రైతు క్షేమాన్ని, అతని నేల క్షేమాన్ని విడదీసి చూడలేమన్న ఆలోచన అందులో ఉంది. ఆ ఆలోచనను పట్టుకుని పత్తి పండే ఇంకో జిల్లాకు వెళ్లొచ్చు, అక్కడ అది నిలబడుతుందో విరుగుతుందో చూడొచ్చు. ప్రయాణం చేసేది ఆలోచన, శాతం కాదు. విరిగితే ఎక్కడ విరిగిందో చెప్పడం కూడా పరిశోధనే.

తోటి లెక్చరర్లకు, వైవాలకు వచ్చే ఎగ్జామినర్లకు, రిపోర్టులు చదివి నిధులు ఇచ్చే సంస్థలవాళ్లకు ఒక విన్నపం. "శాంపుల్ ఎంత" అని తప్పకుండా అడగండి. ఆ వెంటనే "మీ థీమ్‌లకు లొంగని మనిషి ఎవరు, ఆ మనిషి ఏ పేజీలో ఉన్నాడు?" అని కూడా అడగండి. పేజీ చూపించలేకపోతే థీసిస్ వెనక్కి పంపండి. చూపిస్తే ఆ పేజీ అక్కడే కూర్చుని చదవండి, మాట్లాడింది తొమ్మిదిమందే అయినా సంతకం పెట్టండి. అలాంటి మనిషి ఒక్కరూ తగల్లేదని స్టూడెంట్ అంటే మాత్రం ఇంకొన్నాళ్లు ఊళ్లో తిరిగి రమ్మనండి.